పీసీఆర్ చూడందే రొయ్య పిల్ల వెయ్యని మావయ్య, తన జ్వరానికి టెస్ట్ ఎందుకు వద్దన్నారు?

కాలువగట్టు:
మాది భీమవరం దగ్గర. 2021 మే, సెకండ్ వేవ్ మంచి ఊపు మీదున్న రోజులు. మా మావయ్యకి జ్వరం, దగ్గు. టెస్ట్ చేయించుకోమంటే "కరోనా లేదు గిరోనా లేదు, టైఫాయిడ్ ఇది" అని ఆర్ఎంపీని ఇంటికి పిలిపించుకుని సెలైన్ పెట్టించుకున్నారు. ఇదే మనిషి, రొయ్య పిల్లలకి వైరస్ లేదని చెప్పే పీసీఆర్ రిపోర్ట్ చూడకుండా, పిల్లలమ్మే ఏ హేచరీకీ పైసా ఇచ్చేవారు కాదు. రొయ్యలు మేత తింటున్నాయో లేదో చూసే చెక్ ట్రేలో మేత మిగిలిందంటే చాలు, రొయ్యలు పట్టుకుని ల్యాబ్‌కి పరిగెత్తేవారు. కంటికి కనపడని వైరస్ వారం పది రోజుల్లో చెరువంతా ఖాళీ చేస్తుందని నాకు చెప్పింది ఆయనే. ఏడో రోజు ఆయాసం వచ్చాక తీసుకెళ్లాం, అప్పటికే ఆలస్యమైపోయింది. అత్త ఇప్పటికీ టైఫాయిడ్ అనే అంటుంది. తెలియక అలా చేశారని అనుకోలేను. అన్నీ తెలిసిన మనిషి ఎందుకలా కాదన్నారు?

జ్వరాల సర్వే:
నేను ఏఎన్ఎంనండి, అప్పుడు కోనసీమలో ఇంటింటికీ తిరిగాను. గుమ్మంలో నిలబడి "మా ఇంట్లో అందరూ బాగున్నారండి" అంటుంటే వెనక గదిలోంచి దగ్గు వినిపించేది. వాళ్లని తప్పు పట్టను. 2020లో పాజిటివ్ వచ్చిన మనిషిని అంబులెన్స్ ఎక్కిస్తుంటే వీధంతా నిలబడి చూసింది, ఆ ఇంటి ముందు కర్రలు కట్టారు, పాలవాడు కూడా ఆ ఇంటికి వెళ్లడం మానేశాడు. దాచుకోవాలని జనానికి నేర్పింది మనమే కదా. నేను తర్వాత్తర్వాత ఆ జబ్బు పేరెత్తడం మానేశాను. "మీ ఓపిక ఎలా ఉందో చూద్దామండి" అని వేలికి ఆక్సీమీటర్ పెట్టేదాన్ని. 94 కంటే తగ్గితే, ఆయాసం లేకపోయినా సరే, ఆ అంకె చూపించి ఆసుపత్రికి బయల్దేరదీసేదాన్ని. వాదిస్తే రానివాళ్లు అంకె చూసి వచ్చారు, అందరూ కాదనుకోండి.

చదువరి:
చదువుకి, దీనికి సంబంధం లేదండి. 1847లో వియన్నాలో సెమ్మెల్వైస్ అనే డాక్టరు, శవాలను కోసిన చేతులతోనే కాన్పులు చేయడం వల్ల బాలింతలు చనిపోతున్నారని గ్రహించి, క్లోరిన్ నీళ్లతో చేతులు కడిగించారు. ఆ వార్డులో చావులు బాగా తగ్గాయి. అయినా పెద్ద పెద్ద డాక్టర్లు చాలామంది ఒప్పుకోలేదు. ఒప్పుకుంటే అన్నాళ్లూ తమ చేతులే చంపాయని ఒప్పుకోవాలి కదా, అంత బరువు మొయ్యలేక నిజాన్నే కాదన్నారని నాకనిపిస్తుంది. మీ అత్తగారు ఇప్పటికీ టైఫాయిడ్ అనడంలోనూ అదే ఉందేమో. కాదు అది కరోనా అని ఒప్పుకున్న రోజున, ఆ ఏడు రోజులు ఇంట్లోనే ఎందుకు ఉంచుకున్నానన్న ప్రశ్న ఆవిడ ఒక్కరి మీదే పడుతుంది.

లంకవాసి:
నేనూ కరోనా లేదని ఊరంతా తిరిగి చెప్పినవాడినే, అందుకే రాస్తున్నాను. కొబ్బరికాయల వ్యాపారం, అంబాజీపేటకి సరుకు వేస్తాను. 2020 లాక్‌డౌన్‌లో కాయ కదల్లేదు, అప్పు మిగిలింది. రెండో ఏడు మళ్లీ అదే అంటే ఒప్పుకునే ఓపిక నాకు లేదు, నిజమైతే మునిగిపోతాను కాబట్టి నిజం కాకూడదు అనుకున్నాను. పైకి ధైర్యంగా మాట్లాడేవాడిని, రాత్రిళ్లు నిద్ర పట్టేది కాదు, ఆ టెన్షన్ ఎవరికీ చెప్పుకోలేదు. ఒక్క మాట ఆలోచించండి. ధవళేశ్వరం దగ్గర 17.75 అడుగులు, మూడో ప్రమాద హెచ్చరిక అంటే మా లంకలో ఎవరూ వాదించరు. 1986 వరద గురించి ఇంట్లో పెద్దవాళ్లు చెబుతూనే ఉంటారు, 2022 జూలైలో మేమే చూశాం. కానీ వరదకి ఊరంతా కలిసి గట్టెక్కుతాం, పశువులతో సహా. గట్టెక్కినందుకు ఎవరూ మనల్ని వేలెత్తి చూపరు. కరోనాకి మాత్రం ఒక్కడివే వెళ్లాలి, తిరిగి వస్తావో లేదో తెలియదు, వచ్చినా పక్కన ఎవరూ కూర్చోరు. నన్ను ఎవరైనా "నీకు అప్పెంత ఉంది" అని ముందు అడిగుంటే ఆ తర్వాత చెప్పింది వినేవాడినేమో.

ఏరేటర్:
మావయ్యగారు చెరువు విషయంలో నిజం ఒప్పుకునేవారు అంటున్నారు, మా వైపు అదీ సగమేనండి. రొయ్యలకి వైట్ స్పాట్ వైరస్ జబ్బు వచ్చిందని తెలిసిన రైతు ఎంతమంది పక్క చెరువు వాళ్లకి చెబుతారు? కొనేవాడు రేటు తగ్గిస్తాడని, నీ వల్లే వచ్చిందని తగువుకొస్తారని గప్‌చిప్‌గా రొయ్యలు పట్టేసి నీళ్లు డ్రెయిన్‌లోకి వదిలేస్తారు. ఆ నీళ్లే కింది చెరువులవాళ్లు తోడుకుంటారు. నా మూడెకరాలు అలాగే పోయాయి.

కాలువగట్టు:
ఏరేటర్ గారూ, మావయ్య కూడా ఒకసారి అలాగే నీళ్లు వదిలారు. మీరు రాసేదాకా నాకు గుర్తు రాలేదు. అత్తతో అది టైఫాయిడ్ కాదని ఇంక వాదించను. ఆ ఏడు రోజుల్లో ఇంటికి ఎవరైనా వచ్చారా, మావయ్య రాత్రిళ్లు ఏం మాట్లాడేవారు, అదే అడుగుతాను. ఇన్నేళ్లలో ఒక్కసారీ అడగలేదు.