యానాంలో అయిదు రోజులు: తీరుబడి ప్రయాణమా, ఎండలో పడిగాపులా?

చూళైమేడు చదువరి

మే రెండో వారంలో నాకు అయిదు రోజుల సెలవు దొరికింది. నేనూ మా ఆవిడా చెన్నై నుంచి సర్కార్ ఎక్స్‌ప్రెస్‌లో కాకినాడ వెళ్లి, అక్కడి నుంచి బస్సులో యానాం చేరి, అయిదు రోజులూ అక్కడే ఉండాలని ఆలోచన. చూడవలసినవాటి పట్టిక ఏదీ వేసుకోలేదు. పొద్దున్నే గోదావరి గట్టు మీద నడక, ఎండెక్కితే భోజనం చేసి నిద్ర, పొద్దు వాలాక మళ్లీ గట్టు. అంతే.

ఈ ఆలోచన నిరుడు డిసెంబరులో పుట్టింది. అమలాపురంలో పెళ్లికి వెళ్లి వస్తూ యానాంలో ఒక్క పూట ఆగాం. మధ్యాహ్నం రెండు గంటలు. చర్చి వెనక సందులో ఒక దర్జీ కొట్టు, షట్టరు సగానికి దించి ఉంది. లోపలి మనిషి కనిపించడు. మిషను కింద పాదం మాత్రం కనిపిస్తోంది. పలక మీద ఆ పాదం ఆడి ఆడి నెమ్మదించింది, ఆగిపోయింది. పలక మీదే ఉండిపోయింది. మళ్లీ ఆడుతుందేమోనని రెండు నిమిషాలు నిలబడ్డాను, ఆడలేదు. ఫ్రెంచివాళ్లు వదిలిపోయిన ఆ ఊరంతా ఆ పాదంలాగే నిద్రపోతోందనిపించింది. కోడంబాక్కం వంతెన మీద రోజూ హారన్ల మధ్య ఇరుక్కునేవాడికి అదెంత ఊరటో వేరే చెప్పనక్కర లేదు.

మా బావమరిది మాత్రం "యానాంలో అయిదు రోజులేమిటి బావా, ఒక పూట చాలు. మిగతా రోజులు గోడ చూస్తూ కూర్చుంటావా?" అని నవ్వుతున్నాడు. టికెట్లు తీసేలోపు మీ మాట కూడా విందామని అడుగుతున్నాను.

ఈసీఆర్ చక్రం

మీ బావమరిదికి నా ఓటు. ఏనుగులు శివలింగానికి నీళ్లు పోస్తున్నట్టు నది ఒడ్డున పెట్టిన బొమ్మలు, ఈఫిల్ టవర్‌ను చూసి కట్టిన టవరు, చర్చి. మూడూ కలిపి రెండు గంటల పని. మిగతా నాలుగున్నర రోజులకు చెమట తుడుచుకోవడానికి తువ్వాళ్లు ఎక్కువ పట్టుకెళ్లండి. ఫ్రెంచివాళ్ల వీధులే కావాలంటే పుదుచ్చేరి మూడు గంటల దారి, పక్కనే సముద్రం. ఏ ప్రణాళికా లేకపోవడానికి ఈ మధ్య తీరుబడి ప్రయాణం అని పేరు పెడుతున్నారు. మా ఇంట్లో దాన్ని బద్ధకం అనేవారు.

పెరంబూరు పెద్దాయన

చదువరి గారూ, నేను రైలు పెట్టెల కర్మాగారంలో పనిచేసి రిటైరైనవాణ్ణి. మాది రామచంద్రపురం వైపు. యానాం గురించి కాస్త పొడుగ్గా చెప్తాను, ఓపిక ఉంటే చదవండి.

మా నాయనమ్మ పెళ్లి యానాంలో జరిగింది. ఆ ఊళ్లో మాకు గానీ ఆవిడ పుట్టింటి వారికి గానీ చుట్టాలు లేరు. మరి అక్కడెందుకు? 1929 నాటి శారదా చట్టం మరుసటి ఏడాది ఏప్రిల్ నుంచి అమలైంది. ఆడపిల్లకు 14, మగపిల్లవాడికి 18 నిండకుండా పెళ్లి చేస్తే నేరం. అది బ్రిటిష్ వాళ్ల చట్టం కనుక ఫ్రెంచి యానాంలో చెల్లదు. చుట్టుపక్కల వాళ్లు పిల్లలను బండ్లెక్కించి తీసుకెళ్లి, మూడు ముళ్లూ వేయించి వెనక్కి తెచ్చేవారు. ఊరికి కల్యాణపురమని పేరే పడింది. నాయనమ్మకు అప్పుడు తొమ్మిదేళ్లు. యానాం గురించి ఆవిడకు గుర్తున్నది ఒక్కటే: తిరుగుదారిలో బండిలో నిద్రపోతే ఎవరో బుగ్గ మీద తట్టి, పెళ్లికూతురు నిద్రపోకూడదన్నారట.

ఊరు సద్దుమణగడానికి కూడా ఫ్రెంచివాళ్లు వెళ్లిపోవడం కారణం కాదు. పక్కనే కోరంగి ఒకప్పుడు ఓడలు కట్టిన రేవు. 1839 నవంబరు 25న ఉప్పెన వచ్చి దాన్ని ఊడ్చేసింది, మళ్లీ లేవలేదు. ఏటి మొగలు ఇసుక మేట వేశాయి, వర్తకం కాకినాడ వైపు జరిగింది. యానాం నెమ్మది అప్పటిది. ఫ్రెంచివాళ్లు ఊరు అప్పగించింది 1954లో. జూన్ 13న దడాల రఫేల్ రమణయ్య ముందు నిలిచి ఊరిని చేజిక్కించుకున్నారు, నవంబరు 1న పాలన మన చేతికి వచ్చింది. కాగితాల మీద అయ్యేసరికి 1962 ఆగస్టు వచ్చింది. చూశారా, కాగితాలు కూడా తీరుబడిగానే కదిలాయి.

బాలయోగి పేరున్న వారధి కట్టక ముందు అవతల ఎదుర్లంకకు పంటు మీద దాటేవాళ్లం. పంటు అవతలి ఒడ్డున ఉంటే వచ్చేదాకా రేవులో కూర్చోవలసిందే. ఒకసారి మా పక్కన నొప్పులు పడుతున్న అమ్మాయిని గొడుగు నీడలో కూర్చోబెట్టారు. గంటసేపు అందరం నీళ్ల వైపే చూశాం. నెమ్మదిగా సాగే జీవితం అని ఎవరైనా మురిసిపోతే నాకు ఆ గొడుగు గుర్తొస్తుంది.

ఇంత చెప్పి వెళ్లవద్దనడం లేదు. వెళ్లండి, అయిదు రోజులూ ఉండండి. ఒక పూటకు వచ్చినవాడికి ఊరివాళ్లు టవరుకు దారి చూపిస్తారు. మూడో రోజు కూడా అదే అరుగు మీద కనిపిస్తే ఇటువంటివి చెప్తారు.

వేళచ్చేరి వదిన

పెద్దాయన గారికి నమస్కారం. చదువరి గారికి ఒక ప్రశ్న. "నేనూ మా ఆవిడా" అన్నారు, తరవాత అంతా మీ నడక, మీ నిద్ర, మీ గట్టు. ఆవిడకు ఏం కావాలో ఒక్క ముక్క లేదు.

మేమూ ఒకసారి ఇలాగే తీరుబడిగా ఉందామని నది పక్కన వేరే చిన్న ఊరికి మే నెలలో వెళ్లాం. బస దిగిన చోట జనరేటర్ ఉందన్నారు, అది ఫ్యానుకు మాత్రమేనని కరెంటు పోయాక చెప్పారు. ఆయన వరండాలో పుస్తకం చదువుకున్నారు. నేను మూడేళ్ల పిల్లకు తడిగుడ్డతో ఒళ్లు తుడుస్తూ కూర్చున్నాను. ఇద్దరం ఒకే ప్రయాణం చేశామని ఫోటోల్లో ఉంది.

మన దగ్గర కత్తిరి ఎండలైనా మధ్యాహ్నానికి సముద్రం గాలి తిరుగుతుంది. అక్కడ ఏటి మీద గాలి ఆడకపోతే ఉక్క ఎలా ఉంటుందో డిసెంబరులో చూసి వచ్చినవాళ్లకు తెలియదు.

ఫరంపేట వాణ్ణి

నాది యానాం. షోలింగనల్లూరులో రాత్రి షిఫ్టు. పడుకోబోతూ చూశాను, ఇక నిద్ర రాదు.

మా ఊరు నిద్రపోతోందన్నారు. డిసెంబరంటే క్రిస్మస్, వెనకే సంక్రాంతి. మీరు చూసిన దర్జీ ఎవరో నాకు తెలియదు గానీ, ఆ నెలలో ఏ దర్జీ అయినా అర్ధరాత్రి దాటాకే మిషను దిగుతాడు. మధ్యాహ్నం పాదం ఆగింది మరి. తెల్లవారుజామున నాలుగింటికి చేపల దగ్గరికి వచ్చి ఉంటే మాటకు మాట వినపడనంత గోలగా ఉండేది. మీరు లేచేసరికి మా ఊళ్లో సగం పని అయిపోతుంది.

ఇక మే నెల. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు తూర్పు తీరమంతా మరపడవలకు సముద్రంలో వేట నిషేధం, చేపలు గుడ్లు పెట్టే కాలమని. మీ కాశిమేడు చేపల రేవులోనూ అదే. అక్కడ పడవలు వరసగా కట్టేసి ఉంటే నిషేధం అంటారు. యానాంలో కట్టేసి ఉంటే ప్రశాంతత అంటారు. డెల్టా కాలువలకూ వేసవిలో నీళ్లు ఆపేస్తారు, దాళ్వా, అంటే రెండో పంట వరి, కోతలు అప్పటికే అయిపోతాయి. మీరు వచ్చే వారంలో ఊరు నిజంగానే ఖాళీగా కనిపిస్తుంది. అది ఫ్రెంచివాళ్లు వదిలిపోయిన తీరుబడి కాదండి, సంపాదన లేని రెండు నెలలు.

ఆ రెండు నెలలూ మా నాన్న ఊరికే ఉండరు. అరుగు మీద కాళ్లు చాపి, వల చివర బొటనవేలికి తగిలించి బిగువుగా లాగి, చిరిగిన కన్ను దగ్గర పాత దారం కోసేసి చెక్క సూదితో కొత్త ముడి వేస్తారు. ఒక్కో కన్నూ వేలితో కొలుస్తారు. పెద్ద వలకు వారం పడుతుంది. పోయినేడాది ఎవరో వచ్చి, అడగకుండా ఫోటో తీసి, "ఎంత హాయిగా ఉన్నారో" అన్నారట. నాన్న నాకు ఫోను చేసి, హాయి అంటే వాళ్ల ఉద్దేశం ఏమిటిరా అని అడిగారు. నిజంగానే అడిగారు, వెటకారం కాదు.

మీకు ఊరటనిచ్చిన ఆ ఖాళీ వల్లే నేను ఊరు వదిలి ఇక్కడ అద్దె గదిలో ఉన్నాను.

ఈసీఆర్ చక్రం

ఇంకేం, నా మాటే నెగ్గింది! మేలో వెళ్తే చూడటానికి పడవలు కూడా లేవు. వెళ్లేదేదో పులసల కాలంలో వెళ్లండి.

ఫరంపేట వాణ్ణి

చక్రం గారూ, మీ మాట నెగ్గలేదు. ఎర్రనీరు దిగే జూలై, ఆగస్టుల్లో రమ్మనడం సులువే. సముద్రంలో ఉన్నంతకాలం అది విలస, గోదావరికి ఎదురీదితే పులస. ఒక్క చేప పది వేలు దాటిన వేలాలు ఉన్నాయి. పుస్తెలమ్మి అయినా పులస తినాలనే మాట విని కార్లలో వస్తారు, కూర తింటారు, వంతెన మీద ఫోటో దిగుతారు, చీకటి పడకముందే వెళ్లిపోతారు. మా ఊళ్లో పన్ను తక్కువ, మద్యం చవక అని ఆదివారాలు వచ్చేవాళ్ల సంగతి చెప్పను. వాళ్లకంటే, అయిదు రోజులు ఏ మెస్సులోనో రెండు పూటలా తిని, రోజూ అదే కొట్టులో టీ తాగే మనిషి మాకు నయం. నా కోపం రావడం మీద కాదు, నిద్ర అన్న మాట మీద.

చూళైమేడు చదువరి

ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. పాదం ఆగిందని చూశాను గానీ, ఎప్పటి నుంచి ఆడుతోందో ఆలోచించలేదు.

మే నెల మాత్రం మార్చను. పట్టుదల అనుకోకండి. నాకు దొరికింది ఆ సెలవే. పైగా ఫరంపేట వారు చెప్పాక ఆ రెండు నెలల్లోనే చూడాలనిపిస్తోంది. పడవలు కట్టేసి ఎందుకున్నాయో ఇప్పుడు తెలుసు కదా. ఫోటోలు తీయను. తెల్లవారుజామున లేచి మధ్యాహ్నం పడుకుంటాను. అప్పుడు దర్జీకీ నాకూ వేళ ఒకటే అవుతుంది. చక్రం గారు దీన్ని బద్ధకం అంటే అననివ్వండి.

వేళచ్చేరి వదిన

అంతా బాగుంది. మీ ఆవిడ ఏమన్నారో ఇంకా చెప్పలేదు.

చూళైమేడు చదువరి

ఈ చర్చ మొత్తం చదివి వినిపించాను. ఏసీ లేని గదిలో అడుగు పెట్టనన్నది. ద్రాక్షారామం భీమేశ్వరస్వామి దర్శనానికి ఒక రోజు, కోరింగ మడ అడవులకు ఒక రోజు, కాకినాడలో వాళ్ల పిన్ని గారింటికి ఒక రోజు కావాలట. అంటే నా గోదావరి గట్టుకు మిగిలింది రెండు రోజులు. మా బావమరిదికి ఈ సంగతి ఇంకా చెప్పలేదు.