చల్లటిది తగిలితే పళ్ళు జివ్వుమంటున్నాయి, పేస్టు మార్చినా తగ్గలేదు

పాలకొల్లు కోడలు:
అందరికీ నమస్కారమండి. ఈమధ్య చల్లటి నీళ్ళు తాగినా, ఐసు వేసిన చెరుకు రసం తాగినా పై వరసలో ఎడమ పక్క పళ్ళు జివ్వుమని నెత్తి దాకా లాగేస్తున్నాయి. మామిడికాయ ముక్క ఉప్పూ కారం అద్దుకుని తిన్నానంటే పళ్ళు పులిసిపోయి ఆ పూట అన్నం కూడా సరిగ్గా నమలలేను. అద్దంలో చూసుకుంటే పుచ్చులేమీ లేవు, కాకపోతే చిగుళ్ళ దగ్గర పన్ను కాస్త పసుపు పచ్చగా ఉంది, గోరు పెడితే చిన్న గాడిలా తగులుతోంది. మావారు సెన్సిటివ్ పేస్టు ఏదో తెస్తే వారం పది రోజులు వాడాను, తేడా ఏం లేదు. అది పక్కన పడేసి బొగ్గు పేస్టు కొందామా అనుకుంటున్నా. డాక్టరు దగ్గరికి వెళ్తే క్లీనింగ్ అంటారేమో, అది చేయిస్తే పళ్ళు వదులైపోతాయట కదా, అదో టెన్షన్. ఆవకాయల రోజులు కూడా వచ్చేశాయి, ఏం చేయమంటారు?

భీమవరం బాబాయ్:
పేస్టులన్నీ వ్యాపారం తల్లీ. రాళ్ళ ఉప్పు మెత్తగా నూరి రెండు పూటలా గట్టిగా తోము, లేదంటే వేప పుల్ల. మా నాన్నగారు ఎనభై దాటాక కూడా చెరుకు గడ పళ్ళతో చీల్చుకు తిన్న మనిషి, ఏనాడూ పేస్టు ముట్టలేదు.

అమలాపురం పళ్ళ డాక్టరు:
బాబాయ్‌గారూ, మీ నాన్నగారి పళ్ళకి దణ్ణం పెడతాను గానీ ఈవిడకి మాత్రం ఉప్పుతో తోమమని చెప్పకండి. ఆ గాడి పడిందే గట్టిగా తోమడం వల్ల అయ్యుంటుంది. మీరు కుడిచేతి వాటమేనా అమ్మా? అలాంటివాళ్ళకి తరచు ఎడమ పక్కే ముందు అరుగుతుంది, బ్రష్ బలం అంతా అటు పడుతుంది కాబట్టి.

పన్ను పైన ఉండే ఎనామిల్ మన ఒంట్లో అన్నిటికంటే గట్టి పదార్థం, కానీ అది బయటికి కనిపించే పన్నుకే ఉంటుంది, వేరుకి ఉండదు. వేరు మీద ఉండేది సిమెంటమ్ అనే పల్చటి పొర. చిగుళ్ళు జరిగి ఆ వేరు బయటపడిందంటే ఆ పొర ఇట్టే అరిగిపోయి లోపలి డెంటిన్ తేలుతుంది, మీకు కనిపిస్తున్న ఆ పసుపు పచ్చ అదే. చెరుకు గడ అడ్డంగా నరికితే సన్న చుక్కలు కనిపిస్తాయి చూడండి, డెంటిన్‌లోనూ అలాంటి గొట్టాలే, కాకపోతే కంటికి ఆననంత సన్నవి, వేలకొద్దీ ఉంటాయి, వాటి నిండా ద్రవం. చల్లటిది, తియ్యటిది, పుల్లటిది ఏది తగిలినా ఆ ద్రవం కదులుతుంది, లోపలి నరం ఉలిక్కిపడుతుంది. 1960ల్లో బ్రాన్‌స్ట్రోమ్ అనే స్వీడన్ పరిశోధకుడు దీన్ని ప్రయోగాలు చేసి వివరించాడు, ఇప్పటికీ ఎక్కువమంది ఒప్పుకునే వివరణ అదే. అరిగిన ఎనామిల్ మళ్ళీ పుట్టదు కాబట్టి బొగ్గు పేస్టు జోలికి అసలు పోకండి, అది ఇంకా గీకేస్తుంది.

ఇక మీ పేస్టు సంగతి. డబ్బా వెనక పొటాషియం నైట్రేట్ 5% అని ఉందేమో చూడండి. అది నరాన్ని మెల్లగా శాంతపరిచే మందు, రోజుకి రెండుసార్లు చొప్పున 2 నుంచి 4 వారాలు ఆగకుండా వాడితే గానీ తెలియదు, మీరు మధ్యలోనే తీర్పు ఇచ్చేశారు. అర్జినైన్, స్టానస్ ఫ్లోరైడ్ లాంటివి ఉన్న పేస్టులు వేరే రకం, అవి ఆ గొట్టాల నోళ్ళు మూసేస్తాయి. ఏదైనా సరే తోమాక ఉమ్మేయండి, గ్లాసుడు నీళ్ళు పోసి పుక్కిలించారంటే మందంతా సింకులోకే పోతుంది. రాత్రి పడుకునే ముందు బఠాణీ గింజంత పేస్టు వేలితో ఆ గాళ్ళ మీద రాసి వదిలేయండి. 4 వారాలైనా మార్పు లేకపోతే ఇక ఇంట్లో ప్రయత్నాలు మానేసి చూపించుకోవాలి.

ఆవకాయ మానక్కర్లేదు. అన్నంలో కలుపుకుని తింటే పెద్ద ఇబ్బంది ఉండదు, టెంక బుగ్గన పెట్టుకుని గంటసేపు చీకుతారే, అదీ ఇబ్బంది. నిమ్మ సోడా గుక్క గుక్కగా తాగుతూ కూర్చోవడమూ అంతే. నోట్లో పీహెచ్ (పులుపు ఎంతుందో చెప్పే కొలత, అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువని) సుమారు 5.5 కిందకి పడితే ఎనామిల్ కరగడం మొదలవుతుంది, డెంటిన్ అయితే అంతకంటే ముందే. పులుపు తిన్నాక మామూలు నీళ్ళతో పుక్కిలించి ఓ అరగంట ఆగి తోముకోండి, వెంటనే తోమితే మెత్తబడ్డ పొర బ్రష్‌తో పాటు ఊడొస్తుంది.

క్లీనింగ్ భయం అందరికీ ఉన్నదే. పళ్ళని వదులు చేసేది గార, దాని కింద ముదిరే చిగుళ్ళ జబ్బు. గార తీశాక కొన్నాళ్ళు జివ్వుమంటుంది, పళ్ళ మధ్య ఖాళీలు తెలుస్తాయి, దాంతో జనం డాక్టరే పాడుచేశాడంటారు.

రాజోలు కొబ్బరితోట:
మా తోడల్లుడు ఇలాగే సెన్సిటివిటీ అనుకుని పేస్టు రాసుకుంటూ కూర్చున్నాడండి. వేడి టీకి కూడా లాగేది, రాత్రి నిద్రలోంచి లేపేసేది. తీరా ఎక్స్‌రే తీస్తే రెండు పళ్ళ మధ్య పుచ్చు, రూట్ కెనాల్ దాకా వెళ్ళింది. రెంటికీ తేడా ఎలా తెలుసుకోవాలి డాక్టరుగారూ?

అమలాపురం పళ్ళ డాక్టరు:
నొప్పి ఎంతసేపు ఉంటోందో చూడాలండి. సెన్సిటివిటీ అయితే చల్లటిది మింగేసిన కాసేపట్లోనే సర్దుకుంటుంది. అర నిమిషం దాటి సలుపుతున్నా, వేడికి ఎక్కువవుతున్నా, ఏమీ తగలకుండా దానంతట అదే వస్తున్నా లోపలి నరం వాచిందని అనుమానించాలి. కొరికి వదిలేటప్పుడు ఒకే పన్నులో చురుక్కుమంటే అది పగులు కావచ్చు. ఇలాంటివాటికి పేస్టు పనిచేయదు, ఆలస్యం చేయకూడదు.

పాలకొల్లు కోడలు:
హమ్మయ్య, నాకు మింగగానే పోతోందండి, ఒక్క పన్ను కాదు, వరసగా మూడింటికి. కుడిచేతి వాటమే. మీరు చెప్పాక బ్రష్ తీసి చూస్తే కుచ్చు రెండు పక్కలకీ విచ్చుకుపోయి ఉంది, మొన్నమొన్న కొన్నదే! మా అత్తగారేమో లవంగం నూనె సీసా పట్టుకుని నా వెనకే తిరుగుతున్నారు, ఆవిడకి ఏం చెప్పను?

అమలాపురం పళ్ళ డాక్టరు:
లవంగం నూనె కాసేపు మొద్దుబారుస్తుందంతే, నేరుగా పూస్తే చిగుళ్ళు పొక్కుతాయి కూడా. ఎప్పుడైనా పంటి నొప్పి వస్తే, డాక్టరు దగ్గరికి వెళ్ళేదాకా దూదితో ఓ చుక్క పెట్టుకోవడానికి పనికొస్తుంది, దాచి ఉంచమనండి. మీరు సాఫ్ట్ బ్రష్ కొనుక్కుని, పిడికిలితో కాకుండా మూడు వేళ్ళతో పట్టుకుని, చిగుళ్ళ నుంచి పన్ను కొస వైపు తోమండి, అడ్డంగా రంపం లాగినట్టు వద్దు. గాడి లోతుగా ఉంటే పన్ను రంగులోనే ఫిల్లింగ్ పెడతారు, లోతు లేకపోతే వార్నిష్ అనే మందు పూత పూస్తారు. వీలు చూసుకుని ఒకసారి చూపించుకోండి.

భీమవరం బాబాయ్:
అయితే వేప పుల్ల కూడా తప్పేనంటారా?

అమలాపురం పళ్ళ డాక్టరు:
లేదండి, కొస బాగా నమిలి మెత్తబడ్డాక నెమ్మదిగా తోముకోండి, గట్టి పుల్లతోనే గీకితే చిగుళ్ళు పైకి పోతాయి. పళ్ళు పుచ్చకుండా కాపాడే ఫ్లోరైడ్ మాత్రం పుల్లలో దొరకదు కాబట్టి రాత్రి పూట పేస్టు తప్పదు.