తలలో పుట్టుమచ్చ మీద కొత్తగా బుడిపెలు: ఎవరికైనా ఇలా వచ్చాయా?

పరకాల_రజిత: మా తమ్ముడికి 32 ఏళ్లు. చెవి పైన, తలలో పుట్టుకతోనే పసుపు రంగు మచ్చ. అక్కడ వెంట్రుకలు రావు. వేములవాడలో పుట్టు వెంట్రుకలు తీయించినప్పుడే అందరూ చూశారు. పదో తరగతికి వచ్చేసరికి అది మందంగా, గరుకుగా అయింది. ఇప్పుడు దాని మీదే రెండు బుడిపెలు లేచాయి. ఒకటి నల్లగా ఉంది, ఇంకోటి ఎర్రగా, చెమ్మగా ఉంది. దువ్వెన తగిలితే రక్తం వస్తోంది. ఇంట్లో అందరికీ టెన్షన్. ఇది క్యాన్సరేనా?

హనుమకొండ_శ్రీను: అక్కా, ముందు ధైర్యంగా ఉండండి. నాదీ అచ్చం ఇలాంటి మచ్చే. డాక్టర్ దీన్ని నీవస్ సెబేషియస్ అన్నారు. అందులో నూనె గ్రంథులు ఎక్కువగా ఉంటాయి. ఈడు వచ్చేటప్పుడు హార్మోన్ల వల్ల అవి పెరిగి మచ్చ ఉబ్బుతుందట. నాకూ నల్ల బుడిపె వచ్చింది. కోసి బయాప్సీకి, అంటే ముక్క పరీక్షకు పంపితే ట్రైకోబ్లాస్టోమా అని వచ్చింది. వెంట్రుక కుదుళ్లకు సంబంధించిన గడ్డ, క్యాన్సర్ కాదు.

జగిత్యాల_సుజాత: మా ఆయనకూ ఇలాంటి మచ్చ మీదే బుడిపె, ఎర్రగా, నీరు కారుతూ ఉండేది. రిపోర్టులో సిరింగోసిస్టడినోమా పాపిల్లిఫెరం అని రాశారు, అంటే చెమట గ్రంథులకు సంబంధించిన గడ్డ. పేరు చూసి భయపడిపోయాం, కానీ అదీ ప్రమాదం లేనిదే. పులిపిరి అనుకుని మా అత్తమ్మ వెంట్రుక కట్టమన్నారు. డాక్టర్ అస్సలు వద్దన్నారు. కట్టి రాలగొడితే పరీక్షకు ముక్క ఉండదు, కింద ఏముందో తెలియదు, చీము పట్టినా పట్టొచ్చు. దయచేసి సున్నం కూడా పెట్టకండి.

ల్యాబ్_అన్న: నేను పాథాలజీ ల్యాబ్‌లో పనిచేస్తాను. ఈ మచ్చల్లో బేసల్ సెల్ క్యాన్సర్ (ఒక రకం చర్మ క్యాన్సర్) ఎక్కువని పాత పుస్తకాల్లో ఉండేది. తర్వాత ఆ పాత కేసుల ముక్కలను మైక్రోస్కోప్ కింద మళ్లీ చూస్తే చాలావరకు ట్రైకోబ్లాస్టోమాలే అని తేలింది. 2014లో వచ్చిన ఒక అధ్యయనంలో 707 కేసులు చూశారు. కొత్త గడ్డలు వచ్చినవి 21 శాతం, క్యాన్సర్ ఉన్నవి 2.5 శాతం. తక్కువే, కానీ సున్నా కాదు. పైకి చూసి ఏ గడ్డో తేల్చడం కష్టం. అందుకే బయాప్సీ తప్పనిసరి.

పరకాల_రజిత: చాలా థాంక్స్ అన్నా. గ్రహణం రోజు బయటికి వెళ్లినందుకే ఇలా అయిందని మా అమ్మ ఇన్నేళ్లుగా బాధపడుతోంది. వాడి పిల్లలకూ వస్తుందా?

ల్యాబ్_అన్న: గ్రహణానికీ దీనికీ ఏ సంబంధమూ లేదమ్మా. కడుపులో పిండం పెరిగేటప్పుడు ఏదో ఒక కణంలో హెచ్‌రాస్ లేదా కేరాస్ జన్యువు మారడం వల్ల వస్తుంది. ఎవరు ఏం చేసినా, చేయకపోయినా అది జరిగేదే. మామూలుగా వంశంలో దిగదు. ఈ మాట అమ్మగారికి తప్పకుండా చెప్పండి.

హనుమకొండ_శ్రీను: తీసేయాలంటే మచ్చను చర్మం లోతు వరకు కోయాలి. లేజర్‌తో పైపొర పోతుంది కానీ లోపలి గ్రంథులు మిగిలిపోతాయి. చిన్నదైతే ఆ చోటుకే మత్తు ఇచ్చి తీసేస్తారు. పెద్దదైతే ప్లాస్టిక్ సర్జన్ కావాలి. వరంగల్ ఎంజీఎంలో చర్మవ్యాధుల విభాగం ఉంది, ముందు అక్కడ చూపించండి. రక్తం వస్తోంది కాబట్టి ఆలస్యం చేయకండి.

జగిత్యాల_సుజాత: పాత ఫోటోలు ఉంటే తీసుకెళ్లండి, ఎంత పెరిగిందో డాక్టర్‌కు తెలుస్తుంది. కోసిన రెండు ముక్కలూ పరీక్షకు పంపమని అడగండి, ఒక్కటే కాదు.