తిరుపతి నుంచి హార్డ్ రాక్ బ్యాండు పైకి రాగలదా? అనుభవం ఉన్నవారు చెప్పండి

కొర్లగుంట గిటారు:
మేం నలుగురం. ఇద్దరం ఇంజినీరింగ్ పూర్తిచేశాం, గాయకుడు మొబైలు దుకాణంలో పనిచేస్తాడు, డ్రమ్మర్ పెళ్లిళ్ల బ్యాండు మేళం నుంచి వచ్చాడు. ఇన్నాళ్లూ కాలేజీ వేడుకల్లో పేరున్న బ్యాండ్ల పాటలే వాయించాం. ఇప్పుడు తెలుగులో సొంత పాటలు కట్టుకుంటున్నాం. మాకు ఆశ పుట్టించింది గిరీష్ అండ్ ద క్రానికల్స్ అనే హార్డ్ రాక్ బ్యాండు. 2009లో సిక్కింలోని గ్యాంగ్‌టక్‌లో మొదలై, 2022లో ఇటలీ కంపెనీ ఫ్రాంటియర్స్ ద్వారా ఆల్బం విడుదల చేశారు. గ్యాంగ్‌టక్ జనాభా 2011 లెక్కల్లో లక్షే. మన ఊరు అంతకు రెండింతలకు పైనే. ఇక్కడ ప్రయత్నించినవారు ఎక్కడ ఆగిపోయారో, ఎలా దాటారో చెప్పండి.

బైరాగిపట్టెడ బేస్:
జనాభా లెక్క పక్కన పెట్టండి. గ్యాంగ్‌టక్, షిల్లాంగ్ వైపు రాక్ వినే అలవాటు తల్లిదండ్రుల కాలం నుంచే ఉంది. మన కచేరీలో మొదటి వరుసలో కూర్చునేది డ్రమ్మర్ మేనమామ. పైగా మీరు చెప్పిన రెండు సంవత్సరాల మధ్య 13 ఏళ్లున్నాయి. మా బ్యాండు మూడో ఏడు దాటలేదు. గొడవలేమీ లేవు. ఇద్దరికి బెంగళూరులో, ఒకరికి హైదరాబాదులో ఉద్యోగాలు వచ్చాయి, అంతే.

రేణిగుంట రోడ్డు రిథమ్:
ముందు వాయించుకోవడానికి చోటు చూసుకోండి, మిగతావన్నీ తర్వాత. మిద్దె మీద గదిలో మొదలుపెడితే వారం తిరక్కుండా ఇంటి యజమాని పైకొస్తాడు. ఆయనదీ తప్పు కాదు. నివాస ప్రాంతంలో పగటిపూట పరిమితి 55 డెసిబెళ్లు, రాత్రి 45. డ్రమ్ కిట్ ఒక్కటే వందను తాకుతుంది. గోడలకు గుడ్ల అట్టలు అంటిస్తే పక్కింటికి వినపడదని ఎవరో చెబుతారు, నమ్మకండి. వాటివల్ల గదిలో ప్రతిధ్వని కాస్త తగ్గుతుంది, శబ్దం మాత్రం బయటికి పోతూనే ఉంటుంది. దాన్ని ఆపాలంటే గోడకు బరువు ఉండాలి, తలుపు కింద సందు ఉండకూడదు. మేం చివరికి ఊరి బయట లారీలు బాగుచేసే షెడ్డు పట్టుకున్నాం. పగలంతా అక్కడ సుత్తి దెబ్బలే కాబట్టి మా చప్పుడు ఎవరికీ కొత్తగా అనిపించలేదు. మే నెలలో రేకుల కింద గిటారు శ్రుతి పాట పాటకూ జారిపోయేది. అది వేరే బాధ.

సంగీత కళాశాల వయొలిన్:
నేను కర్ణాటక సంగీతం చదువుతున్నాను. మా అన్నయ్య బ్యాండు కోసం రెండు పాటలకు వాయించాను. మావాళ్లు ఈ సంగీతాన్ని రొద అని కొట్టిపారేస్తారు కానీ, మీరు గిటారు మీద కలిపి మోగించే స్వరాల జత, అదే పవర్ కార్డ్, అందులో ఉన్నవి షడ్జమం (స), పంచమం (ప) మాత్రమే. గిటారు శబ్దాన్ని గరగరలాడించే డిస్టార్షన్ పెట్టి గాంధారం (గ) కూడా కలిపితే స్వరాలు ఒకదానినొకటి చెడగొట్టి బురదైపోతాయి. అందుకే దాన్ని వదిలేస్తారు. ఆ ఖాళీలో గాయకుడు సాధారణ గాంధారమైనా (కింది గ), అంతర గాంధారమైనా (పై గ) పాడుకోవచ్చు. కొచ్చి బ్యాండు మదర్‌జేన్ గిటారులో గమకాలు వినండి, అవకాశం ఎంతుందో అర్థమవుతుంది. తెలుగులో పాడటం మానకండి. మన మాటలు చాలావరకు అచ్చులతో ముగుస్తాయి, పైస్థాయిలో ఎంతసేపైనా నిలపవచ్చు. గొంతు చించుకుని అరిచే మీ గాయకుడికి మాత్రం ఎవరైనా శ్వాస నేర్పించండి.

చిత్తూరు స్నేర్:
తిరుపతి, చిత్తూరు మాత్రమే నమ్ముకుంటే ఏడాదికి రెండు వేదికలు దొరికితే గొప్ప. మాకు వెల్లూరు గంట ప్రయాణం. అక్కడ విఐటి కాలేజీ వేడుక రివియెరాకు, చెన్నైలో ఐఐటి వేడుక సారంగ్‌కు ఎక్కడెక్కడి బ్యాండ్లో వస్తాయి. గెలవకపోయినా ఫరవాలేదు, మిగతావాళ్లు వేదిక ఎక్కి ఎంత త్వరగా వైర్లు తగిలించుకుంటారో చూడండి. మేం మొదటిసారి ఆ పనికే సగం సమయం పెట్టాం. డ్రమ్ కిట్ సాధారణంగా నిర్వాహకులే ఇస్తారు. స్నేర్ (కిట్‌లోని చిన్న డ్రమ్ము), సింబల్స్ (ఇత్తడి పళ్లేలు), కిక్ పెడల్ (పెద్ద డ్రమ్ము మోగించే కాలి మీట) మనవి తీసుకెళ్తే బస్సులో సరిపోతాయి. దారి ఖర్చుల సంగతి ముందే రాతలో తీసుకోండి. ఒక నిర్వాహకుడు "తర్వాత పంపుతాం తమ్ముడూ" అన్నాడు. ఆ తర్వాత ఇంకా రాలేదు.

మైకుసెట్టు మామ:
పెళ్లిళ్లకు, గంగజాతరకు సౌండు పెట్టేవాణ్ని. మీ పిల్లల కచేరీలకూ పెట్టాను. గిటారు వాయించే ప్రతి అబ్బాయీ తన ఆంప్లిఫయర్ తనకు వినబడటం లేదంటాడు. వినబడదు, ఎందుకంటే అది అతని మోకాళ్లకు వాయిస్తోంది. కుర్చీ మీద పెట్టి, చెవివైపు వంచి చూడండి, సగం గొడవ తీరుతుంది. మంచి వాల్వు ఆంప్లిఫయరైతే 15 వాట్లు చాలు, దాని ముందు మైకు పెడితే మిగతాది నేను చూసుకుంటాను.

ఇంకోటి ముఖ్యం. మొన్న ఒక గాయకుడు గిటారు పట్టుకుని పాడుతుంటే పెదవి మైకుకు తగిలి చురుక్కుమంది. చేతిలో తీగలు, నోటి దగ్గర మైకు, రెండింటికీ కరెంటు వేర్వేరు చోట్ల నుంచి వస్తోంది, ఒకదానికి ఎర్తు లేదు. ఆంప్లిఫయర్లకూ మిక్సరుకూ ఒకే బోర్డు నుంచి, ఎర్తు ఉన్న ప్లగ్గులతోనే తీసుకోండి. మూడో పిన్ను విరిచేసిన ప్లగ్గు తెచ్చినవాణ్ని నేను వేదిక ఎక్కనివ్వను.

కొర్లగుంట గిటారు:
మామా, విరిచిన ప్లగ్గు మా దగ్గరే ఉంది. రేపే మారుస్తాం. చిత్తూరు అన్నా, వెల్లూరు మాట బాగుంది. ఇప్పుడు మా పెద్ద సమస్య డ్రమ్మర్. ముహూర్తాలు మొదలైతే మేళానికి వెళ్లాలి, అదే అతని జీవనం. అడగడానికి మాకు నోరు రావడం లేదు.

బైరాగిపట్టెడ బేస్:
అడగకండి. పంచాంగం చూసి మూఢం ఉన్న రోజుల్లో రికార్డింగు పెట్టుకోండి.

మైకుసెట్టు మామ:
నాకూ అప్పుడే ఖాళీ. గోడౌనులో స్పీకర్లు ఊరికే పడుంటాయి, అద్దె వద్దు, కరెంటు బిల్లు ఇవ్వండి. డ్రమ్మర్‌ను ఒకసారి ఫోను చేయమనండి, ఏ మేళమో చెబితే నాకు తెలిసే ఉంటుంది.