విండోస్‌లో సైలెంట్‌గా ఉండే ల్యాప్‌టాప్ డెబియన్‌లో ఎందుకు గోల పెడుతోంది?

గోదారి_గట్టు:
ఫ్రెండ్స్, నాది ఏఎండీ వాళ్ల రైజెన్ 5 5500యూ ప్రాసెసర్ ల్యాప్‌టాప్, విండోస్ 11, డెబియన్ 12 (లినక్స్) డ్యూయల్ బూట్, రెండిట్లోనూ ఫైర్‌ఫాక్సే వాడతా. యూట్యూబ్‌లో 1080పీ వీడియో పెడితే విండోస్‌లో ఫ్యాన్ తిరుగుతోందో లేదో కూడా తెలీదు, అదే వీడియో డెబియన్‌లో పెడితే కాసేపటికే గుయ్యిమంటోంది, బ్యాటరీ చూస్తుండగానే దిగిపోతోంది. మామూలు సైట్లు మాత్రం రెండు పక్కలా ఒకేలా ఓపెన్ అవుతున్నాయి. లినక్స్ తేలిక అని అందరూ ఊదరగొడితేనే కదా వేసుకుంది. డిస్ట్రో (లినక్స్ రకం) మార్చాలా, బ్రౌజర్ మార్చాలా?

కెర్నల్_మామ:
ఏదీ మార్చకు తమ్ముడూ. సైట్లు ఒకేలా వస్తున్నాయంటే బ్రౌజర్ ఇంజిన్ బానే ఉన్నట్టు, తేడా అంతా వీడియో డీకోడ్ (కుదించిన వీడియోని విప్పే పని) ఎవరు చేస్తున్నారన్న దగ్గరే. విండోస్‌లో ఆ పని గ్రాఫిక్స్ చిప్ (జీపీయూ) చేస్తది, నీ డెబియన్‌లో సీపీయూ మోస్తోంది. లినక్స్ ఫైర్‌ఫాక్స్‌లో జీపీయూతో చేసే ఈ హార్డ్‌వేర్ డీకోడింగ్ ఇంటెల్‌కి 2023లో వెర్షన్ 115 నుంచే డిఫాల్ట్‌గా ఆన్ చేశారు, ఏఎండీకి మాత్రం 2025 మార్చిలో వచ్చిన 136 దాకా ఆగాల్సి వచ్చింది. నీది డెబియన్‌తో వచ్చే ఈఎస్ఆర్ (ఎక్కువకాలం సపోర్ట్ ఉండే వెర్షన్) పాత 128 అయ్యుంటది, చూసుకో. అదే అయితే అబౌట్ కాన్ఫిగ్‌లో (ఫైర్‌ఫాక్స్ లోపలి సెట్టింగుల పేజీ) వీఏఏపీఐ (లినక్స్‌లో జీపీయూతో డీకోడ్ చేయించేది) అని వెతికి ఎనేబుల్డ్ అన్నదాన్ని ట్రూ చేసి రీస్టార్ట్ కొట్టు. తర్వాత అబౌట్ సపోర్ట్‌లో కోడెక్‌ల (వీడియోని కుదించే పద్ధతుల) టేబుల్ ఉంటది, అందులో యూట్యూబ్ వాడే వీపీ9 పక్కన హార్డ్‌వేర్ సపోర్టెడ్ అని రావాలి, రాకపోతే జీపీయూకి కావాల్సిన మెసా వీఏ డ్రైవర్ ప్యాకేజీ ఉందో లేదో చూడు.

సాయంత్రం_చాయ్:
ఇంకోటి కూడా చూడు బ్రో, వీడియో మీద రైట్ క్లిక్ చేసి స్టాట్స్ ఫర్ నెర్డ్స్ తెరువు. కోడెక్ దగ్గర ఏవీ01 (అంటే ఏవీ1 అనే ఇంకో కోడెక్) అని ఉంటే నువ్వెన్ని సెట్టింగులు మార్చినా దండగే, 5500యూకి ఏవీ1 డీకోడర్ అసలు లేదు. కాన్ఫిగ్‌లో ఏవీ1 ఆఫ్ చేస్తే యూట్యూబ్ వీపీ9 ఇస్తది.
అయినా విండోస్ ఏదో పత్తిత్తు అనుకోకండి, దాని యాంటీవైరస్ డిఫెండర్ వల్ల ఫైర్‌ఫాక్స్ వాడేటప్పుడు సీపీయూ ఊరికే కాలిపోయే బగ్ ఐదేళ్లు అలాగే పడుంది, 2023లో గానీ సరిచెయ్యలేదు.

గోదారి_గట్టు:
మామా, 128యే! ట్రూ చేశా, ఏవీ1 కూడా తీసేశా, ఫ్యాన్ నోరు మూసుకుంది. చాయ్ బ్రో థాంక్స్. కానీ ఆఫీస్ వీడియో కాల్‌లో కెమెరా ఆన్ చేస్తే మళ్లీ మొదలు, అదెందుకు?

కెర్నల్_మామ:
అది ఎన్‌కోడింగ్ కదా, నీ మొహాన్ని కంప్రెస్ చేసి అవతలికి పంపాలి. ఇప్పుడు మార్చింది డీకోడ్‌కి మాత్రమే. ప్రస్తుతానికి కాల్ సెట్టింగ్స్‌లో కెమెరా క్వాలిటీ 360పీకి దించెయ్, మేనేజర్‌కి అంతకన్నా క్లియర్‌గా కనిపించి ఏం చేస్తావ్?