మాగ్నా కార్టా 39వ అంశం: ఆ "వెల్"ను "లేదా" అనాలా, "మరియు" అనాలా?

ఒడ్డుగడ్డ: 1215లో బారన్లు (పెద్ద భూస్వామి ప్రభువులు) ఇంగ్లండు జాన్ రాజు చేత ఒప్పించుకున్న హక్కుల పత్రం మాగ్నా కార్టాలో, స్వేచ్ఛాజీవిని ఎవరినీ పట్టుకోరాదు, చెరలో వేయరాదు అనే అంశం చివర "సాటివారి ధర్మసమ్మతమైన తీర్పు వల్ల... దేశ చట్టం వల్ల తప్ప" అని వస్తుంది కదా. ఆ చుక్కల చోట "లేదా" అని ఒకచోట, "మరియు" అని ఇంకోచోట చదివినట్టు లీలగా గుర్తు. మూలంలో ఏముంది?

తాటాకు: "నిసి పెర్ లెగాలె యుదికియుమ్ పారియుమ్ సువోరుమ్ వెల్ పెర్ లెగెమ్ తెర్రె." వెల్ అంటే లేదా. ఇందులో చర్చ ఏముంది?

పడమటిగాలి: ఉన్న చర్చంతా అక్కడే ఉంది తాటాకు గారూ. ఆనాటి ఇంగ్లండు లాటిన్‌లో "వెల్" చాలాచోట్ల "ఎత్" ("మరియు") చేసే పని చేస్తుంది. "మరియు" అని చదివితే రాజుకి రెండు అడ్డుకట్టలు: తీర్పు సాటివారు చెప్పాలి, అది దేశ చట్టానికి లోబడి ఉండాలి. "లేదా" అన్నారో, సాటివారిని పక్కనబెట్టి రెండో దారిన పోవచ్చు. జాన్ రాజుకి అలాంటి దారి చూపించారంటే బారన్లకి బుద్ధి లేనట్టే.

తాటాకు: "పెర్" రెండుసార్లు వచ్చింది, గమనించారా? పెర్ యుదికియుమ్ (తీర్పు వల్ల), పెర్ లెగెమ్ (చట్టం వల్ల). రెంటినీ కలిపి చెప్పాలనుకుంటే రెండో "పెర్" దండగ. పైగా అదే వాక్యం మొదట్లో "కపియాతుర్ వెల్ ఇంప్రిసొనేతుర్, ఔత్ దిస్సైసియాతుర్, ఔత్ ఉత్లగేతుర్" అని ఉంది. పట్టుకోవడం, చెరలో వేయడం ఒక జత, దానికి "వెల్". భూమి లాక్కోవడం, చట్టం బయటికి నెట్టడం, దేశం వెళ్ళగొట్టడం వేరువేరు, వాటికి "ఔత్", అదీ "లేదా"నే. రాసినవాడికి తేడా తెలుసు.

పడమటిగాలి: మీరిప్పుడు చెప్పింది నా పక్షానికే సాక్ష్యం. పట్టుకోవడం, చెరలో వేయడం ఒకదాని వెంట ఒకటి జరిగే పనులు. "వెల్" అలాంటి దగ్గరి జతను కలుపుతుందన్నమాట. తీర్పూ చట్టమూ కూడా అంతే.

మొలగొలుకులు: తెలుగు "గాని"తో చూడండి, తేలుతుంది. "రాముడుగాని కృష్ణుడుగాని వస్తాడు" అంటే ఒకడు. "రాముడుగాని కృష్ణుడుగాని రారు" అంటే ఇద్దరూ రారు. 12వ అంశంలో "నుల్లుమ్ స్కుతాగియుమ్ వెల్ ఔక్సిలియుమ్" ఉంది, అంటే సైనికసేవకు బదులు కట్టే పన్ను గాని, సాయం పేరుతో వసూలుచేసే సొమ్ము గాని రాజ్య సామాన్య సమాలోచన లేకుండా వేయరాదు. అక్కడ "వెల్" రెంటినీ మూస్తుంది. వ్యతిరేకార్థం పడితే "లేదా" కాస్తా "రెండూ" అయి కూర్చుంటుంది. 39 కూడా "నుల్లుస్" ("ఎవరినీ కాదు") తోనే మొదలు కదా.

తాటాకు: బాగుంది గాని, "నిసి" ("తప్ప") దగ్గర ఆ వ్యతిరేకం విరిగిపోతుంది. "రాముడుగాని కృష్ణుడుగాని వస్తే తప్ప తలుపు తీయను" అంటే ఇద్దరూ రానక్కర్లేదు, ఒక్కడు వస్తే తీయాల్సిందే.

ఇనపగంటం: ఈ "వెల్" మన సంస్కృతం "వా" ఒకటేనేమో? పాణిని "వా" దగ్గరా ఇదే రగడ. పాత వ్యాఖ్యాతలు "వా, విభాషా, అన్యతరస్యామ్" మూడూ ఒకటే అన్నారు. ఈ కాలపు భాషాశాస్త్రవేత్త కిపార్‌స్కీ వచ్చి, కాదు, "వా" అంటే "ఇదే మేలు" అని, "విభాషా" అంటే "కాకుంటే మేలు" అని తేల్చాడు.

తాటాకు: "వా"కి చుట్టం లాటిన్‌లో మాట చివర అతుక్కునే "-వె". "వెల్" వేరు. అది "కోరుకొను" అనే "వొలో" ధాతువు నుంచి వచ్చింది, "నీ ఇష్టం" అన్నట్టు. ఏదైనా ఒకటి కోరుకో అనేది దాని పుట్టుకలోనే ఉంది.

పడమటిగాలి: పుట్టుకను బట్టి వాడుక నడవదు. పుట్టుకే చూస్తే "తిట్టు" మాటలు సగం దీవెనలే.

అసలు చిక్కు "వెల్"లో కంటే "లెగెమ్"లో ఎక్కువ ఉంది. ఒక్క అంశం వెనక్కి, 38కి వెళ్ళండి: నమ్మదగిన సాక్షులు లేకుండా, ఏ అధికారీ ఉత్త తన నోటిమాట మీద ఎవరినీ "అద్ లెగెమ్" పెట్టరాదు. అక్కడ లెక్స్ ("లెగెమ్" దాని రూపమే) అంటే పెద్ద చట్టం కాదు, నిరూపణ పద్ధతి. ప్రమాణం చేయించడం, ద్వంద్వయుద్ధం, కాల్చిన ఇనుము, చన్నీళ్ళు. పక్కపక్క అంశాల్లో ఒకే మాట, అర్థాలు వేరంటే ఎలా? మాగ్నా కార్టాకి వ్యాఖ్యానం రాసిన మెక్‌కెక్నీ "దేశ చట్టం"లో ఈ పాత పరీక్షల నీడ చూసింది అందుకే.

ఇనపగంటం: అవి మనకి తెలిసిన దివ్యాలే, దేవుడే నిజం తేలుస్తాడని పెట్టే పరీక్షలు! అక్కడ కాలిన ఇనుము పట్టుకుని 9 అడుగులు నడిపించి, చేతికి కట్టుకట్టి, 3వ రోజు విప్పి చూసేవారు. పుండు చీము పట్టిందా, నేరం చేసినట్టు. యాజ్ఞవల్క్యుడి అగ్నిదివ్యంలో అరచేతుల్లో 7 రావి ఆకులు, వాటిమీద 50 పలాల ఇనప గుండు, దాంతో 7 మండలాలు దాటాలి. ఆకులు అడ్డు ఉన్నాయి, మనవాళ్ళు కాస్త నయం. నీళ్ళ పరీక్ష కూడా చూడండి, వాళ్ళకి మునిగినవాడు నిర్దోషి, తేలితే దోషి.

ఆ శతాబ్దంలోనే మన కేతన, యాజ్ఞవల్క్య స్మృతికి వ్యాఖ్య అయిన మితాక్షరను "విజ్ఞానేశ్వరీయం"గా తెలుగు పద్యాల్లో దించాడు. వ్యాకరణం రాసిందీ ఆయనే, ధర్మశాస్త్రం రాసిందీ ఆయనే. ఈ "వెల్" గొడవ ఆయన ముందు పెట్టి ఉంటే రెండు కళ్ళతోనూ చూసేవాడు.

మొలగొలుకులు: కేతన దశకుమార చరిత్రం అంకితమిచ్చింది తిక్కనకి, ఆ తిక్కన మా నెల్లూరు మనుమసిద్ధికి మంత్రి. ఇక్కడిదాకా వచ్చాక నెల్లూరు పేరు ఎత్తకుండా ఎలా వదిలేశారో.

పడమటిగాలి: నెల్లూరు ఎత్తారు, సంతోషం. మళ్ళీ మాగ్నా కార్టా పుట్టిన రన్నీమీడ్‌కి. 1215 నవంబరులోనే రోమన్ చర్చి పెట్టిన నాలుగో లాటెరన్ సభ 18వ నిబంధనతో అర్చకులు ఈ దివ్యాలు జరిపించరాదంది. 1219 జనవరికల్లా ఇంగ్లండు సంచార న్యాయమూర్తులకి, అవి లేకుండా ఖైదీలను ఏం చేయాలో ఆదేశం వెళ్ళింది. ఆ ఖాళీలోకే జ్యూరీ వచ్చింది. కాబట్టి "సాటివారి తీర్పు" అంటే జ్యూరీ అని చెప్పేవాళ్ళని నమ్మకండి. బారన్‌కి సాటి బారన్లు, అంతే. ప్రభువులను ప్రభువులే విచారించే పద్ధతి 1948 దాకా ఉంది.

తాటాకు: లెక్స్ అంటే పరీక్ష అయితే నా "లేదా" మరీ గట్టిపడింది. బారన్‌కి సాటివారి తీర్పు, మామూలువాడికి నిరూపణ పరీక్ష. ఇద్దరికీ ఒకే వాక్యం, అందుకే "వెల్". 1215 మే 10న జాన్ బారన్లకి ఇచ్చిన పత్రంలో వరస తిరగబడి ఉంది: "పెర్ లెగెమ్ రెగ్ని నొస్త్రి వెల్ పెర్ యుదికియుమ్ పారియుమ్". ముందూ వెనకా మార్చినా నిలిచాయంటే రెండు విడి దారులు.

పడమటిగాలి: "ఉప్పూ కారం", "కారం ఉప్పూ" అన్నా నిలుస్తాయి. విడివి అయిపోయాయా?

ఆ మే పత్రం పనికొచ్చేది ఇంకోచోట. "నెక్ సుపెర్ ఎఉమ్ ఇబిముస్", వాడి మీదికి వెళ్ళం అనే మాటకి 17వ శతాబ్దపు ఇంగ్లీషు న్యాయవేత్త కోక్, కోర్టులో శిక్ష వేయడమని భాష్యం చెప్పాడు. మే పత్రంలో "పెర్ విమ్ వెల్ పెర్ ఆర్మా", అంటే బలంతో, ఆయుధాలతో అని స్పష్టంగా ఉంది. బారన్ల ముసాయిదాలోనూ "వి" ఉంది. తుది ప్రతిలో ఆ ఒక్క అక్షరం ఎగిరిపోయింది, నాలుగు వందల ఏళ్ళకి అర్థమే మారిపోయింది.

ఒడ్డుగడ్డ: అయితే తెలుగులో ఏం రాయమంటారు? "లేదా"నా?

మొలగొలుకులు: "గాని" రాయండి. రెండు పక్షాలూ మీమీదికి రావు.

తాటాకు: 1354 శాసనంలో ఈ చోటికే "డ్యూ ప్రాసెస్" (చట్టం చెప్పిన పద్ధతిలో విచారణ) వచ్చింది, "స్వేచ్ఛాజీవి" బదులు ఏ స్థితిలో ఉన్న మనిషైనా అని విస్తరించింది. 1642లో అచ్చయిన కోక్ భాష్యం దేశ చట్టమంటే అదేనంది. ఆ తరవాత "వెల్" ఏదైనా పెద్ద తేడా లేదు. కాని 1215 వాక్యంలో మాత్రం "లేదా"నే.

పడమటిగాలి: అన్ని చోట్లా "లేదా"నే అంటారా? మళ్ళీ జారీ చేసిన 1225 ప్రతిలో ఇదే మాట ఉన్న 29వ అంశం తీయండి. "దె లిబెరో తెనెమెంతో సువో వెల్ లిబెర్తాతిబుస్ వెల్ లిబెరిస్ కొన్సుయెతుదినిబుస్". భూమి, స్వేచ్ఛలు, ఆచార హక్కులు. ఈ రెండు "వెల్"లనీ మీ "నీ ఇష్టం, ఒకటి కోరుకో" లెక్కలో చదివి చూపించండి ముందు.