మొదటి రోడ్ బైక్: మహిళల మోడల్ కొని తర్వాత గేర్లు మార్చుకోవచ్చా, లేక ఇప్పుడే పై స్థాయిది కొనాలా?

నీలిచక్రం:
నా ఎత్తు 155 సెంటీమీటర్లు. ఇంతవరకు మామూలు సైకిలే తొక్కాను. సెలవు రోజుల్లో 40, 50 కిలోమీటర్లు తొక్కడానికి మొదటి రోడ్ బైక్ (తారురోడ్డు కోసం చేసిన తేలికైన సైకిల్) కొనాలనుకుంటున్నాను. చూసినవాటిలో రెండు మిగిలాయి. ఒకటి మహిళల కోసమని అమ్మే చిన్న సైజు సైకిల్. దానికి షిమానో సంస్థ ప్రారంభ స్థాయి రకమైన క్లారిస్ 8 స్పీడ్ (వెనుక 8 పళ్లచక్రాలు) గేర్లు, చక్రం అంచును పట్టి ఆపే రిమ్ బ్రేకులు ఉన్నాయి. రెండోది స్త్రీపురుషులిద్దరికీ ఉద్దేశించినది. అదే సంస్థ పై రకమైన టియాగ్రా 10 స్పీడ్ గేర్లు, చక్రం మధ్యనున్న బిళ్లను పట్టి ఆపే డిస్క్ బ్రేకులతో వస్తుంది. అయితే దాని అతి చిన్న సైజు కూడా నాకు కాస్త పొడవే. స్టెమ్ (హ్యాండిల్‌ను సైకిల్‌కు కలిపే ముక్క) మారిస్తే సరిపోతుందని అమ్మేవారు అంటున్నారు. మొదటిది కొని, గేర్లను తర్వాత మార్చుకోవడం మంచి ఆలోచనేనా?

ఎగువదారి:
రెండోదే కొనండి. గేర్లు తర్వాత మార్చుకోవడం అనుకున్నంత తేలిక కాదు. క్లారిస్ నుంచి షిమానోలోనే ఇంకా పై రకమైన 11 స్పీడ్ 105కి వెళ్లాలంటే గేరు లీవర్లు, ముందు వెనుక డెరైల్యూర్లు (చైనును ఒక పళ్లచక్రం నుంచి ఇంకోదానికి జరిపేవి), క్యాసెట్ (వెనుక పళ్లచక్రాల కట్ట), చైను అన్నీ మార్చాలి. 11 స్పీడ్ రోడ్ క్యాసెట్‌కు 1.85 మిల్లీమీటర్ల మేర పొడవైన ఫ్రీహబ్ (వెనుక చక్రంలో క్యాసెట్ ఎక్కే భాగం) కావాలి కాబట్టి, ఉన్న చక్రం దానికి సరిపడేది కాకపోతే వెనుక చక్రం కూడా మార్చాల్సి వస్తుంది. ఇన్ని భాగాలు విడిగా కొనే ఖర్చు, మొదటే పై స్థాయి సైకిల్ కొంటే అయ్యే తేడాను దాదాపు ఎప్పుడూ మించిపోతుంది. ఇక మహిళల ఫ్రేమ్ అన్న ముద్రకు అంత విలువ ఇవ్వనవసరం లేదు. 2012లో రెటూల్ అనే ఫిట్టింగ్ సంస్థను కొన్న స్పెషలైజ్డ్, అక్కడ పోగైన కొలతలను చూశాక, స్త్రీపురుషుల మధ్య కన్నా మనిషికీ మనిషికీ మధ్యే తేడా ఎక్కువని చెప్పి ఇద్దరికీ ఒకే ఫ్రేములు చేయడం మొదలుపెట్టింది.

పాతచైను:
ఎగువదారి గారి లెక్కతో నాకు పేచీ లేదు. గేర్లన్నీ మార్చే ఉద్దేశంతో ఏ సైకిలూ కొనకూడదు. కానీ ఆ లెక్క నుంచి వారు తీసిన తీర్పు తప్పని గట్టిగా చెప్పదలచుకున్నాను. ముద్ర గురించి వారు చెప్పింది నిజమే అనుకున్నా, మనిషికీ మనిషికీ తేడా ఉన్నప్పుడు ఈ మనిషికి ఆ ఫ్రేమ్ పొడవని తెలిసి కూడా కొనమనడం ఎలా సరైనది? సైకిల్లో దేన్నైనా మార్చవచ్చు గానీ ఫ్రేమ్ సైజును మార్చలేము.

స్టెమ్ కురచదైతే సరిపోతుందన్న మాట కొంతవరకే నిజం. 90 మిల్లీమీటర్ల స్టెమ్ తీసి 70ది పెడితే హ్యాండిల్ 20 మిల్లీమీటర్లు దగ్గరవుతుంది, అంతే. అంతకు మించి కురచ చేస్తే ముందు చక్రం చిన్న కదలికకే తిరుగుతూ స్థిరత్వం తగ్గుతుంది. అప్పటికీ చేతులు అందకపోతే చాలామంది సీటును ముందుకు జరుపుతారు. సీటు స్థానాన్ని పెడల్‌ను, మోకాలిని బట్టి నిర్ణయించాలి తప్ప హ్యాండిల్ అందడం కోసం కాదు. హ్యాండిల్ దూరం ఎక్కువైన సైకిల్‌పై మోచేతులు బిగుసుకుంటాయి, బరువంతా అరచేతుల మీద పడుతుంది, గంట తిరిగేసరికి మెడా భుజాలూ నొప్పెడతాయి. ఫ్రేముల పట్టికలో స్టాక్, రీచ్ అనే రెండు కొలతలు ఉంటాయి: పెడల్ ఇరుసు నుంచి ఫ్రేము ముందు గొట్టం పైభాగానికి ఉన్న నిలువు ఎత్తు స్టాక్, అడ్డ దూరం రీచ్. సైజు పేరు చూడకుండా ఆ రెండింటినీ పోల్చి చూడండి. పెద్ద సైజులకు పెట్టే 42 సెంటీమీటర్ల హ్యాండిల్, 172.5 మిల్లీమీటర్ల క్రాంకులు (పెడల్స్‌ను పట్టి ఉంచే చేతులు) మీకు వద్దు. 38 హ్యాండిల్, 165 క్రాంకులు ఉన్నాయేమో చూడండి.

ఎగువదారి:
ఫ్రేమ్ విషయం ఒప్పుకుంటాను. అయితే అదే వాదన బ్రేకులకూ వర్తిస్తుంది. రిమ్ బ్రేకుల కోసం చేసిన ఫ్రేముకు డిస్క్ బ్రేకులు ఎప్పటికీ పెట్టలేరు, లావు టైర్లకు అందులో చోటుండదు. చేతులు చిన్నవైనవారికి పొడవైన దిగుడు మీద తడి రిమ్‌ను పట్టి ఆపడం కష్టం. ఆ రెండోదానికి ఉన్నవి హైడ్రాలిక్ (ద్రవ ఒత్తిడితో పనిచేసే) డిస్కులా, కేబుల్‌తో నడిచేవా అన్నది అడగండి. వేళ్లకు పడే శ్రమలో ఆ తేడా బాగా తెలుస్తుంది.

పాతచైను:
అందుకే ఈ రెండింటినీ వదిలి మూడోదాన్ని వెతకమంటాను: మీ సైజులో, డిస్క్ బ్రేకులతో, కనీసం 32 మిల్లీమీటర్ల టైరుకు చోటున్న ఫ్రేము. దానికి క్లారిస్ ఉన్నా, దానికి ఒక మెట్టు పైదైన సోరా ఉన్నా సంతోషంగా తీసుకోండి. 8 స్పీడ్ చైను, క్యాసెట్ చవక, చాలాకాలం మన్నుతాయి. ఎత్తులు ఎక్కడానికి కావలసింది గేర్ల సంఖ్య కాదు, అతి తేలిక గేరు. ముందు 34 పళ్లు, వెనుక 34 పళ్లు ఉంటే పెడల్ ఒక చుట్టు తిరిగినప్పుడు చక్రం ఒకే చుట్టు తిరుగుతుంది. పొడవు కేజ్ (చైనును బిగువుగా పట్టే చట్రం) ఉన్న క్లారిస్ వెనుక డెరైల్యూర్ ఆ 34ను తీసుకుంటుంది కాబట్టి, అవసరమైతే క్యాసెట్, దానికి తగిన పొడవున్న చైను మార్చుకుంటే చాలు.

వెడల్పుసీటు:
ఇంత చర్చలో సీటు మాట ఎవరూ ఎత్తలేదు. ఫ్రేమ్‌కు మహిళల ముద్ర అవసరం లేకపోవచ్చు గానీ, సీటు విషయంలో శరీర నిర్మాణం లెక్కలోకి వస్తుంది. అట్టపెట్టె ముక్కను గట్టి బల్లపై పరిచి, దానిమీద కాస్త ముందుకు వంగి కూర్చుని లేస్తే, కూర్చునే ఎముకలు నొక్కిన రెండు గుంటలు కనబడతాయి. వాటి మధ్య దూరం కొలిచి, దానికన్నా కొంత వెడల్పైన సీటు ఎంచుకోండి. 143, 155, 168 మిల్లీమీటర్ల వెడల్పుల్లో సీట్లు దొరుకుతాయి. మెత్తగా ఉందని కొనకండి. మెత్తటి దిండులో ఎముకలు దిగబడితే మధ్యనున్న సున్నితమైన భాగంపై ఒత్తిడి పెరుగుతుంది. సీటునూ పెడల్స్‌నూ రేపు సైకిల్ మార్చినా వెంట తీసుకుపోవచ్చు, కాబట్టి ముందుగా ఖర్చు పెట్టదగ్గవి అవే.

నీలిచక్రం:
మూడోదాన్ని వెతుకుతాను. చిన్న ఫ్రేముల్లో మలుపు తిప్పినప్పుడు ముందు చక్రానికి పాదం తగులుతుందని విన్నాను. అది ప్రమాదమా?

పాతచైను:
పెడల్స్‌ను నేలకు సమాంతరంగా ఉంచి, బూట్లతో కూర్చుని హ్యాండిల్ తిప్పి చూడండి. వేగంగా పోయేటప్పుడు చక్రం అంత తిరగదు కాబట్టి భయం లేదు. నడక వేగంలో వెనక్కి మళ్లేటప్పుడే తగులుతుంది. కొన్ని తయారీ సంస్థలు అతి చిన్న సైజులకు రోడ్ బైకులకు మామూలుగా ఉండే 700సీ సైజు బదులు కాస్త చిన్నవైన 650బీ చక్రాలు పెట్టి దీన్ని తగ్గించాయి.

ఎగువదారి:
650బీ చక్రాలకు సన్నటి రోడ్ టైర్లు అంత విరివిగా దొరకవు. నేనైతే పాదం కాస్త తగిలినా 700సీ వైపే ఉంటాను.